సైగ పెద్దది చేసేకొద్దీ

మా చెల్లెలు పుట్టుచెవిటిది. నాకంటే మూడేళ్ళు చిన్న. మండికల్‌లో మా నాన్న నడిపిన అంగడి గడప మీద కూర్చుని, మాకు కావలసిన భాషను మేమిద్దరమే తయారుచేసుకున్నాం. ముక్కుపుడక చోట వేలు ఆనిస్తే అమ్మ. రెండు అరచేతులను తక్కెడలా ఎత్తి దించితే నాన్న. జడ లాగినట్టు చేస్తే నేను. పులుపు తిన్నట్టు కన్ను మూస్తే చింతపండు. కన్నుతో పాటు మూతి కూడా తిప్పితే మా మేనత్త. ఆ మేనత్త ఎదురుగా ఉన్నప్పుడే ఆమె మాటలు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఈ రాతలో మా చెల్లెలు అన్న మాటలన్నీ చేతులతో అన్నవే. నేనే వాటిని మా ఇంటి మాటల్లోకి మార్చి రాస్తున్నాను.

ఊరి శాలెలో నా పక్కనే కూర్చునేది. కన్నడ అక్షరాలు నాకంటే గుండ్రంగా రాసేది కానీ రాసినదాని అర్థం తెలిసేది తక్కువ. తన పేరు, మా ఊరి పేరు, బస్సు బోర్డు మీది ఊర్ల పేర్లు చదవగలదు. చదువు అక్కడికే ఆగిపోయింది.

ఇంటికి మొదటిసారి ఫోను వచ్చినప్పుడు తనకి పదమూడో పద్నాలుగో ఏళ్ళు. అది మోగినప్పుడల్లా ఇంట్లోవాళ్ళందరం ఒక్కసారిగా ఒకే మూలకి తిరిగేవాళ్ళం. ఎందుకు తిరిగామో తనకి తెలిసేది కాదు. మా మొహాలు చూసి తనూ తిరిగేది. అమ్మ ఆ నల్లటి ముద్దను చెవికి పెట్టుకుని, ఎదురుగా ఎవరూ లేకుండానే నవ్వేది, తల ఊపేది, కళ్ళు తుడుచుకునేది. ఒకరోజు ఎవరూ లేరనుకుని చెల్లెలు దాన్ని తన చెవికి పెట్టుకుంది. చాలాసేపు పెట్టుకుంది. అమ్మలాగే తల ఊపింది. తర్వాత దాన్ని మొహం ముందుకు తెచ్చుకుని ఆ చిన్నచిన్న బెజ్జాల్లోకి తొంగి చూసింది. నేను తలుపు వెనక నుంచి చూసి నవ్వాను. అప్పుడు నాకది తమాషాగానే ఉండింది.

నన్ను బాగేపల్లికి ఇచ్చారు. మా అత్తవారిది గాజులు, రిబ్బన్లు, కుట్టుదారాలు అమ్మే అంగడి. చెల్లెల్ని చింతామణిలో పిండి మర ఉన్న ఇంటికి ఇచ్చారు. పెళ్ళిచూపుల నాడు మా నాన్న అందరికీ వినపడేట్టు, "పాపకి చెవులు వినపడవప్పా, ముందే చెప్తాండాను" అంటే, ఆ పిల్లవాడు తల వంచుకునే జవాబు చెప్పాడు.

"మా మర కాడ అందరూ చెవిటోళ్ళే మామా. అది తిరుగుతాంటే ఎవురి మాటా ఎవురికీ వినపడదు. అందరూ చేతుల్తోనే మాట్లాడతారు."

అదెంత నిజమో తర్వాత చూశాను. రాగులు తెచ్చినవాళ్ళు సన్నగానా బరకగానా అన్నది వేళ్ళు రాపాడించి చెప్తారు. మా చెల్లెలు ఆ మర దగ్గర ఎవరికీ తక్కువ కాలేదు. ఆరు నెలల్లో ఆయన కూడా మా భాష నేర్చుకున్నాడు.

తక్కువైంది నాకు. బాగేపల్లి నుంచి చేలూరు మీదుగా చింతామణికి బస్సు పట్టుకుని పోవాలంటే ఇల్లూ అంగడీ వదలాలి. ఏడాదికి రెండు మూడుసార్లు కలిస్తే ఎక్కువ. సెల్‌ఫోన్లు వచ్చాక మా అమ్మతో రోజూ మాట్లాడేదాన్ని, అన్నయ్యతో మాట్లాడేదాన్ని. చెల్లెలింటికి చేస్తే ఆమె భర్త ఎత్తేవాడు. "బాగుండాది వదినా" అనేవాడు. ఇంకేం చెప్పగలడు? ఇద్దరు పిల్లల్ని కన్నది, ఒకసారి టైఫాయిడ్ వచ్చి లేచింది. అవన్నీ నాకు ఆ మూడో మనిషి నోటి నుంచే తెలిశాయి.

అలా పదిహేనేళ్ళు గడిచాక, ఒక మధ్యాహ్నం అంగట్లో నా ఫోను మోగింది. ఎత్తితే తెర మీద మా చెల్లెలు. కనుబొమల మీద, ముంగురుల మీద పిండి. ఆయన కొత్త ఫోను కొనిచ్చి, వీడియో కాల్ ఎలా చేయాలో చూపించాడట. తను వేలుతో నా మొహాన్ని తాకినట్టుంది, తెరంతా వేలే కనిపించింది. తర్వాత ఫోను ఎక్కడో ఆనించి, రెండు చేతులూ విడిపించుకుని, జడ లాగినట్టు చేసింది. నన్ను పిలిచింది.

"ఏం తింటివి?" అని అడిగింది.

పదిహేనేళ్ళ తర్వాత ఫోన్లో అడిగిన మొదటి మాట అది. నేను ముద్ద చేసి మింగినట్టు చూపించి ఏడ్చేశాను. గాజులు కొనడానికి వచ్చినామె భయపడి, "ఏమయినాదమ్మా?" అంది. "ఏం లేదమ్మా, మా చెల్లెలు ఫోన్ చేసినాది" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం, అంగట్లో జనం లేని వేళకి, గాజుల స్టాండుకి ఫోను ఆనించుకుని కూర్చునేదాన్ని. పిల్లల గొడవలు, కూరలు, అత్తల సంగతులు, మర చెడిపోయిన సంగతులు. చింతామణిలో వాన పడుతుంటే ఫోను వాకిట్లోకి పట్టి చూపించేది. మేనత్త పోయినప్పుడు ఆ కన్నూ మూతీ తిప్పే సైగ చేసి, మధ్యలో ఆపేసి, ఇద్దరం తలలు వంచుకున్నాం.

ఆ ఫోను తనకి నన్ను మాత్రమే ఇవ్వలేదు. సైగల వీడియోలు చూడటం మొదలుపెట్టింది. వినపడని ఆడవాళ్ళ గ్రూపు ఒకటి దొరికింది. హాసన్ పక్క బట్టలు కుట్టే ఆమె, ధారవాడలో వినపడని పిల్లలకి పాఠాలు చెప్పే ఆమె, ఇంకా ఎవరెవరో. మా ఇద్దరి సైగలు తప్ప ఇంకో భాష తెలియని పిల్ల, నలభై ఏళ్ళ వయసులో, అందరు చెవిటివాళ్ళూ మాట్లాడుకునే భాష నేర్చుకుంది. ఎంత వేగంగా నేర్చుకుందో! వాళ్ళు తనకి కొత్త పేరు కూడా పెట్టారు. పిడికిలి మీద పిడికిలి పెట్టి తిప్పితే, మర తిరిగినట్టు, అది మా చెల్లెలు. నాకు చూపించి మురిసిపోయింది. నేను బాగుందన్నాను గానీ లోపల ఏదో చివుక్కుమంది. తన చేతులు నాకు తెలియని మాటలు మాట్లాడుతున్నాయి. కొన్నిసార్లు మా సంభాషణలో కూడా ఆ కొత్త సైగలు దొర్లేవి. నాకు అర్థం కాక చూస్తే, ఓపిగ్గా పాత సైగలోకి మార్చేది.

ఆ చివుక్కు నాలో పెరిగిందో, నిజంగానే తీరిక తగ్గిందో ఇప్పుడు చెప్పలేను. వినపడే వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతూ కూర తరగొచ్చు, గాజులు సర్దొచ్చు, సీరియల్ మీద ఒక కన్ను వేసి ఉంచొచ్చు. చెల్లెలితో అలా కాదు. రెండు చేతులూ రెండు కళ్ళూ ఇవ్వాలి. రోజూ చేసేది వారానికి మూడుసార్లయింది. మిగతా రోజులు పువ్వుల బొమ్మ ఒకటి పంపేదాన్ని, శుభోదయం అని రాసి ఉండేది. తను చదవలేని అక్షరాలు. తనూ ఒక పువ్వు పంపేది.

తర్వాత తన తీరు మారింది. నేను ఏదైనా చెప్తే, "ఇంకోసారి" అనేది. మళ్ళీ చెప్తే, "ఇంకోసారి." చూపు నా మీద నిలిచేది కాదు, అటూ ఇటూ జారేది. ఫోను దూరంగా, చాచిన చేతికి అందినంత దూరం పట్టుకునేది. నాతో మాట్లాడుతూ పక్కన ఇంకేదో వీడియో చూస్తోందనుకున్నాను. ఆ గ్రూపు వాళ్ళు ఎక్కువై అక్క తక్కువైందనుకున్నాను. నాకు చిరాకు వచ్చేది. చిరాకు వస్తే సైగ పెద్దది చేసేదాన్ని. చేతులు బార్లా చాపి, గాలిలో ఇంతింత గీతలు గీసి చెప్పేదాన్ని. నేను ఎంత పెద్దగా చేస్తే తనకి అంత తక్కువ అర్థమయ్యేది. "వొద్దులే, మళ్ళా మాట్లాడదాం" అని పెట్టేసేదాన్ని.

మా అమ్మాయి నిశ్చితార్థం బాగేపల్లిలో ఒక పెళ్ళిళ్ళ ఛత్రంలో చేశాం. చెల్లెలు, ఆమె భర్త వచ్చారు. నేను వేదిక మీద నుంచి జడ లాగినట్టు చేసి, నేనిక్కడున్నానని రెండుసార్లు చూపించాను. నా వైపే తిరిగి ఉంది కానీ పలకలేదు. నాకు మండింది. కాసేపటికి పాయసం గ్లాసుల పళ్ళెం పట్టుకుని వస్తున్న మా ఆడపడుచుకి ఎదురు వెళ్ళి ఢీకొట్టింది. పళ్ళెం పడింది. పాయసం పెళ్ళికొడుకు తల్లి చీర మీద పడింది. మా అత్త, "కండ్లు నెత్తికెక్కినాయా ఈ పాపకి?" అంది. అది తనకి వినపడలేదు. కానీ నేను దిగి వెళ్ళి, తన గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకుని, దగ్గరగా, మొహం మీద మొహం పెట్టి, కళ్ళ ముందే వేళ్ళు ఆడిస్తూ అన్నాను.

"పొద్దస్తమానం ఆ ఫోన్లో పడి, ముందర వచ్చే మనిషి కూడా కనిపించేల్యా నీకి?"

ఆ మాట మాత్రం తనకి పూర్తిగా అందింది. కొంగుతో నేల మీది పాయసం తుడవబోతే ఎవరో లేవదీశారు. భోజనం చేయకుండా, నాలుగు గంటల బస్సుకి భర్త చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఎప్పుడూ లేనిది ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తోందేమిటా అని కూడా నాకు తోచలేదు.

మర్నాడు తను ఫోన్ చేయలేదు. వారం తర్వాత నేను చేస్తే ఎత్తలేదు. పువ్వు పంపాను, జవాబు లేదు. పెద్దదాన్ని, నేనే ఎన్నిసార్లు తగ్గాలి అనుకున్నాను. అలా మూడు నెలలు. ఆ మూడు నెలలూ మధ్యాహ్నం అంగట్లో కూర్చుని ఫోన్లో సీరియళ్ళు చూశాను.

ఒక పొద్దున అంగడి తలుపు తీస్తుంటే చెల్లెలి భర్త ఫోన్ చేశాడు. వెనక మర చప్పుడు లేదు.

"వదినా, నీకి చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకునింది. ఈ పొద్దు ఒట్టు తప్పుతాండాను."

"ఏమయినాదప్పా?"

"కండ్లు పోతాండాయి వదినా. నిన్న మర బెల్టు కాడికి పోయింది చూసుకోకుండా. కొంగు లాక్కునింది. నేను ఆపేసినాను కాబట్టి సరిపాయె. మనిషి దక్కింది."

"కండ్లు పోవడమేంది? ఎప్పట్నుంచి?"

"మూడేండ్లాయ. ముందు మునిమాపు కనిపించేల్యా అనింది. తర్వాత పక్కలు కనిపించేల్యా అనింది. సంకల్లో బిడ్డను పెట్టుకున్నట్టు ఆ ఫోను ఒకటి పట్టుకుని కూర్చుండేది వదినా, నీ కోసరం. అదీ ఇప్పుడు కావడంల్యా."

అంగడి తలుపు సగం తీసింది సగం తీసినట్టే వదిలేసి బస్సు ఎక్కాను.

చెల్లెలు వాకిట్లో, ఎండ బాగా పడే చోట, చాటలో రాగులు పెట్టుకుని వేళ్ళతో రాళ్ళు ఏరుతోంది. నేను ఎదురుగా రెండు బారల దూరంలో నిలబడ్డాను. చూడలేదు. ఒక అడుగు వేశాను. చూడలేదు. ఇంకో అడుగు వేస్తే నా చీర కుచ్చిళ్ళు కనపడ్డాయేమో, తల నెమ్మదిగా పైకెత్తుతూ నన్ను వెతుక్కుంది. ముందు నడుము, తర్వాత మెడ, తర్వాత మొహం. మొహం దొరికాక చాట పక్కన పెట్టి నవ్వింది.

నేను కింద కూర్చుని, "యాల చెప్పలేదే నాకి?" అన్నాను. తను నా మణికట్లు రెండూ పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, చిన్నగా చెయ్యమన్నట్టు నొక్కింది. చిన్నగా అడిగాను.

"చెప్తే ఏం జేస్తువి?" అంది.

"వస్తుంటిని."

"నువ్వు వస్తే నాకి ముక్కలు ముక్కలుగా కనపడతావు. ఫోన్లో అయితే చిన్నగా పడతావు, అంతా ఒకేసారి కనపడతావు. ఇంత దూరం పట్టుకుంటే నీ చేతులు గూడా పడతాయి. పట్టినన్ని దినాలు అట్లే చూసుకుందామనుకున్యా."

నేను క్షమించమని అడగాలనుకున్నాను. మా భాషలో ఆ మాటకి సైగ లేదు. చిన్నప్పుడు మాకు దాని అవసరం రాలేదు. నిశ్చితార్థం నాటి సంగతి ఎత్తి, చెంపలు వేసుకున్నాను.

"నువ్వు తిట్టింది నిజమే గదా," అంది తను. "ముందర మనిషి కనిపించేల్యా నాకి."

ఆ వారమే ముగ్గురం చిక్కబళ్ళాపురంలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. వాళ్ళిద్దరూ ముందే వెళ్ళి వచ్చారు, కానీ నేను నా చెవులతో వినాలనుకున్నాను. డాక్టరు ముసలాయన, నెమ్మదస్తుడు.

"మీది మేనరికమా అమ్మా?" అన్నాడు.

"అవును సార్. మా అమ్మకి మా నాయన సొంత మేనమామ."

"చెవులదీ కండ్లదీ ఒకే జబ్బు. పుట్టుకతోనే ఉండాది. చుట్టూ అంచులు కాడ్నుంచి మూసుకుంటా వస్తాది. నడిమధ్య ఇంకా కొంచెం సందు ఉండాది. దీనికి మందు లేదమ్మా, అబద్ధం చెప్పను."

ఆయన బల్ల మీది కాగితం ఒకటి తీసుకుని సన్నటి గొట్టంగా చుట్టి నాకిచ్చాడు. "ఒక కన్ను మూసుకుని దీన్లో చూడండి. మీ చెల్లెలికి ప్రపంచం ఇంత" అన్నాడు.

చూశాను. గోడ మీది క్యాలెండరులో ఒక అంకె కనిపించింది. చెల్లెలి వైపు తిప్పితే ఒక కన్ను, సగం ముక్కు. నా చేతిని ముందుకు చాపి సైగ చేసి చూసుకున్నాను. చేతిని చిన్నగా కదిపితే గొట్టంలో ఉంది. పెద్దగా చాపితే మాయమైంది. ఇన్నాళ్ళూ నేను కోపంగా, బార్లా చాపి చెప్పిన మాటలన్నీ ఆ గొట్టం బయటే పడ్డాయి. అర్థమయ్యేట్టు చెప్తున్నాననుకుని, నా చేతులతో నేనే తనకి కనపడకుండా పోయాను. ఆ కాగితం గొట్టం డాక్టరుకి తిరిగి ఇవ్వబోతే వేళ్ళు విప్పుకోలేదు. చెల్లెలు నా భుజం మీద చెయ్యి వేసి, "చాలు, పోదాం" అన్నట్టు తట్టింది.

ఆ తర్వాత మళ్ళీ రోజూ వీడియో కాల్ చేశాను. అంగట్లో ఎవరున్నా లేకున్నా చేశాను. సైగలు తేటగా కనపడేట్టు నా వెనక నల్లటి గుడ్డ కట్టి, చేతులు గడ్డం కింద పెట్టుకుని, చిన్నచిన్న సైగలు చేసేదాన్ని. పది నెలలు నడిచింది. ఒకరోజు తెర మీద తను నా వైపు కాక కొంచెం పైకి చూస్తూ, "ఉండావా?" అని అడిగింది. ఉన్నానన్నాను. "ఉండావా?" అని మళ్ళీ అడిగింది. ఆమె భర్త వచ్చి ఫోను తీసుకున్నాడు. "ఈ పొద్దు కనపడ్డంల్యా వదినా," అన్నాడు. ఆ పొద్దు తర్వాత ఇక కనపడలేదు.

ఇప్పుడు అమావాస్యకి మా అంగడి మూస్తాం కాబట్టి, నెలకొక్కసారి చింతామణి వెళ్తాను. నేను సైగ చేస్తుంటే తను నా చేతుల మీద చేతులు పెట్టి తెలుసుకుంటుంది. మునుపటి కంటే నిదానం. మొహం చూపించలేని భాష అది. నవ్వుతూ అన్నానో ఏడుస్తూ అన్నానో తెలియక, మధ్యలో ఒక చెయ్యి తీసి నా చెంప తడిమి చూస్తుంది. మిగతా రోజుల్లో తనకి ఏదైనా చెప్పాలంటే మళ్ళీ ఆయనకే చెప్పాలి. ఆయన పాపం చేతిలో పెట్టి చెప్తాడు. అక్క చెల్లెలితో చెప్పుకునేవి కొన్ని ఆయనకి చెప్పలేను. అవి నాలోనే ఉండి పాతబడిపోతున్నాయి.

మొదటి అమావాస్యకి వెళ్ళినప్పుడు తను తన ఫోను నా చేతిలో పెట్టింది.

"గ్రూపులో వాళ్ళు ఎదురు చూస్తాంటారు. నేను యాడికి పోయినానో వాళ్ళకి తెలీదు. చెప్పు."

తెరిచి చూశాను. చూడని వీడియోలు ఎన్నో ఉన్నాయి. ధారవాడ టీచరమ్మవి ఎక్కువ. ప్రతిదాంట్లో ఆమె పిడికిలి మీద పిడికిలి పెట్టి తిప్పుతోంది, చేతులు చాపి ఏదో అడుగుతోంది. ఆ ఒక్క పేరు తప్ప నాకేమీ అర్థం కాలేదు.

వాళ్ళ భాష నాకు రాదన్నాను. తను నా వేళ్ళు ఒక్కొక్కటే మడిచి, విప్పి, కణతల దగ్గర పెట్టి, కిందికి దించి నేర్పింది. ఏడు సైగలు. కళ్ళు మూసుకుపోయాయని, ఇక వీడియో చూడలేనని, మిమ్మల్ని మరచిపోలేదని. తను నేర్పుతుంటే ఆ మాటలు నా చేతుల్లో తయారయ్యాయి. ఫోను కిటికీకి ఆనించి, తన పక్కన కూర్చుని, నేను ఆ ఏడూ చేశాను. తను నా పక్కన చీర సర్దుకుని, ఫోను ఎటు ఉందో ఊహించి, అటు నవ్వింది.

గంటలోపే జవాబు వచ్చింది. టీచరమ్మ ముందు కాసేపు మొహం కప్పుకుంది. తర్వాత నెమ్మదిగా, చాలాసేపు మాట్లాడింది. నేను చెల్లెలి చేతులు నా చేతుల మీద పెట్టుకుని, తెర మీద ఆమె ఎలా చేస్తే అలా, అర్థం తెలియని ఆ ఆకారాలన్నిటినీ చేసుకుంటూ పోయాను. తప్పు చేస్తే చెల్లెలి వేళ్ళు ఆగేవి. వీడియో వెనక్కి జరిపి మళ్ళీ చేసేదాన్ని. నా చేతుల మీదుగా ఒకామె నా చెల్లెలితో మాట్లాడుతోంది, ఏం మాట్లాడుతోందో నాకు తెలియదు. మధ్యలో ఒక చోట చెల్లెలు గట్టిగా నవ్వింది. ఇంకో చోట నా చేతులు పట్టుకుని వదల్లేదు.

"ఏమనింది?" అన్నాను.

నా చేతులు వదిలి, "పాత మాటే," అంది. "ఇంకోసారి వెయ్యి."

నాలుగుసార్లు వేశాను. సాయంత్రం బస్సు పోయింది. టీచరమ్మ ఇప్పటికీ పంపుతుంది, మిగతావాళ్ళు తగ్గించారు. ఒక్కో అమావాస్యకి రెండో మూడో చేరి ఉంటాయి. అన్నీ చేసేసరికి నా భుజాలు లాగుతాయి. అవి అయిపోయాకే తను నా వైపు తిరిగి, మా పాత సైగల్లో, మా అమ్మాయి ఎట్లుండాది అని అడుగుతుంది.